ధర్మాసుపత్రి ఎవరి ధర్మం?

సర్కారు ఆసుపత్రిని మా ఆత్మకూరు పక్క ముసలోళ్ళు ఇప్పటికీ ధర్మాసుపత్రి అంటారు. గడప ముందు నిలబడి ‘ధర్మం సెయ్యండమ్మా’ అని చెయ్యి చాపేటప్పటి ధర్మమే అది. ఊరోళ్ళ వాకిళ్ళలో సద్దికూడు అడిగిన తరాల నుంచి వచ్చిన మాకు ఆ మాట బరువెంతో తెలుసు. ధర్మం చేసేవాడుంటే దండం పెట్టేవాడుండాల. కసిరినా పడుండాల. వైద్యం ధర్మమైతే మేం బిచ్చగాళ్ళం. హక్కయితే మనుషులం. తేల్చుకోవాల్సింది ఇదే.

2003లో శెనక్కాయ పీకుతుంటే మా నాయనను రక్తపింజరి కరిచింది. చిగుళ్ళ నుంచి నెత్తురు కారతా ఉంటే, ముందు డబ్బు కట్టమన్నాడు ఒక ప్రైవేటు డాక్టరు. రోజుకూలి మనిషి యాడ తెస్తాడు? సర్కారు ఆసుపత్రికి మోసుకుపోయినాం. అక్కడ మంచం దొరక్క రెండు రోజులు నేల మీదే పడుకున్నాడు. ‘మీవోళ్ళకు శుభ్రం తెలీదు’ అనే మాటలు పడినాం. కానీ పాముకాటు మందు సీసాలెక్కించేటప్పుడు ఎవరూ పైసా అడగలేదు. మంచం దొరికినాక చూస్తే, పక్క మంచంలో మమ్మల్ని అరుగెక్కనియ్యని కులపాయన. ఆయనకూ పాముకాటే. ఇద్దరికీ అవే సీసాలు. ఊరు కలపని ఇద్దరిని ఆ వార్డు కలిపింది.

నాతో చదువుకుని ఉద్యోగంలో కుదురుకున్న మిత్రుడొకడు దీన్ని ఒప్పుకోడు. “సర్కారు ఆసుపత్రిలో ఒరేయ్ అంటారు, ప్రైవేటులో రండి సార్ అంటారు. డబ్బుకు కులం లేదప్పా” అంటాడు. ఈ మాటను తీసిపారేయలేం. తరతరాలు అవమానం తిన్నోడు మర్యాద కొనుక్కోవాలనుకోవడంలో తప్పేముంది?

కానీ డబ్బుకు నిజంగా కులం లేదా? అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఒక ఉత్తరం సంగతి చెప్పినాడు. 1929 డిసెంబరు 12న ‘యంగ్ ఇండియా’లో అచ్చయిన ఉత్తరం అది. రాసినాయన కాఠియావాడ్‌లో అంటరాని కులపు బడిపంతులు. ఆయన భార్య బాలింత, జబ్బు చేసింది. వాడలోకి రానన్నాడు డాక్టరు. పసిబిడ్డతో సహా ఆమెను వాడ బయటకు తీసుకురావాల్సి వచ్చింది. థర్మామీటరు డాక్టరు నుంచి ఒక ముస్లిం చేతికి, ఆయన నుంచి పంతులుకు, పంతులు నుంచి భార్యకు. మళ్ళీ అదే వరసలో వెనక్కి. నిమోనియా అన్నాడు. ఆమె బతకలేదు. రెండు రూపాయల ఫీజు ముట్టింది. మనిషిని మాత్రం ముట్టలేదు.

ఇప్పుడు ఫీజు కట్టే కిటికీ దగ్గర కులం అడగరు కదా అంటారు. అడిగే పనేముంది? జేబు చూస్తే చాలు. భూములెవరివో, డబ్బూ వాళ్ళదే.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినాక మా గేరి మనుషులు కార్పొరేటు ఆసుపత్రుల అద్దాల తలుపులు దాటినారు. గుండె ఆపరేషన్లయి బతికొచ్చినోళ్ళున్నారు. ఆ మేలు కాదనను. ఆ పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారతా వచ్చి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలు ఆపినాయి. బకాయి పెట్టింది ప్రభుత్వమే. కానీ ఎవరో ఎవరికో బిల్లు కడితేనే తెరుచుకునే తలుపు హక్కెట్లయితాది?

మా జిల్లా కేంద్రం నంద్యాలలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీ మొదలైంది. పక్క జిల్లాలో ఆదోని కాలేజీని మాత్రం ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. బీదోళ్ళకు ఉచిత పడకలుంటాయంటున్నారు. ఉచితమా? మాయమ్మ కొనే సబ్బుబిళ్ళ మీద కూడా పన్నుంది. ఆమె ముందే కట్టేసింది. ఇంకో మాట. ఒకే కప్పు కింద డబ్బు కట్టినోళ్ళకొక వరస, కట్టనోళ్ళకొక వరస పెడితే, అది హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి కాక ఇంకేంది?

ఉన్నోళ్ళు వదిలిపోయిన వరస చెడిపోతాది. అందులో మిగిలినోళ్ళ గొంతు ఎవరికీ వినపడదు. ఇప్పుడు చదువుకున్న మనమూ వదిలిపోతా ఉన్నాం. జీతంలో నెలనెలా కోతపడే హెల్త్ కార్డు నాకూ ఉంది. అది నన్ను కాపాడతాది, నా గేరిని కాపాడదు.

1927లో మహద్‌లో అంబేద్కర్ మనకు వేరే చెరువు తవ్వించమని అడగలేదు. నీళ్ళు కొనుక్కోండని మనకూ చెప్పలేదు. అందరూ తాగే చెరువుకే వేలమందిని నడిపించినాడు. ఆసుపత్రి కూడా అట్లాంటి చెరువే. కలెక్టరూ కూలీ ఒకే చీటీతో నిలబడాల. డాక్టరు పోస్టులెన్ని ఖాళీ, పాముకాటు మందు సీసాలెన్ని ఉన్నాయి అని చీటీ పట్టుకున్న ప్రతి మనిషీ అడగాల. దండం పెట్టి కాదు, తలెత్తి.