తూచి ఇచ్చిన వెండి

ప్రియ చదువరీ, ఒకని మాట నమ్ముటకు ముందు అతని యోగ్యతాపత్రమును చూపుమని అడుగుట ప్రేమకు విరుద్ధమా? మనలో అనేకులు అట్లే తలంచుచున్నారు. మృదువుగా మాటలాడువానిని, ముఖ్యముగా మన భక్తిపదములు పలుకువానిని ప్రశ్నించుటకు మనకు నోరు రాదు. ఆ మొగమాటమునకు మంచితనమని పేరు పెట్టుకొందుము. ఆ పేరు దానికి తగునా?

నేడు ధనమును గూర్చిన సలహా మన చేతి ఫోనులోనికే వచ్చుచున్నది. ఏ షేరు కొనవలెనో యూట్యూబులో ఒకడు చెప్పును. ఎప్పుడు అమ్మవలెనో టెలిగ్రామ్ గ్రూపులో మరియొకడు చెప్పును. వినువారిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడుండును. భర్త ప్రావిడెంటు ఫండు సొమ్ముతో పిల్లలను చదివించుకొను విధవరాలుండును. ఆ సొమ్ము ఒక జీవితకాలపు కష్టార్జితము. పోయినయెడల తిరిగి సంపాదించుకొనుటకు వారికి వయస్సు చాలదు.

ఈ విషయమున మన దేశములో నియమములు లేకపోలేదు. 2013లో సెబీ చేసిన నియమముల ప్రకారము, రుసుము పుచ్చుకొని పెట్టుబడి సలహా ఇచ్చుట వృత్తిగా చేసికొన్నవాడు నమోదు పొందవలెను. అందుకు నిర్ణీత పరీక్షలలో ఉత్తీర్ణుడు కావలెను. అతని నమోదు సంఖ్య ఐఎన్ఏ అను అక్షరములతో మొదలగును. షేర్లను పరిశోధించి సిఫారసు చేయువారి సంఖ్య ఐఎన్‌హెచ్ అను అక్షరములతో మొదలగును. ఏఆర్ఎన్ సంఖ్య ఇట్టిది కాదు. అది మ్యూచువల్ ఫండ్లు అమ్మువారిది, వారికి అమ్మకముపై కమీషను వచ్చును. అమ్మువాని మాటను అమ్మువాని మాటగానే వినవలెను. సంఖ్య తెలిసిన పిమ్మట, అతడు పంపిన లింకులో గాక, సెబీ వెబ్‌సైటులోని జాబితాలో మీరే వెదకుడి. పేరును, చిరునామాను, ఫోను నంబరును సరిచూడుడి. ఇతరుల సంఖ్యను తనదని చెప్పుకొను మోసగాండ్రును కలరు.

2023 అక్టోబరులో సెబీ ఒక తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చెను. యూట్యూబులో లక్షలమంది అనుసరించుచుండిన ఒక వ్యక్తి, నమోదు లేకుండ, పాఠములు చెప్పుచున్నానను పేరుతో షేర్ల సలహాలిచ్చెనని అందులో వ్రాయబడినది. అతడు జనులకు తన లాభములనే చూపెను. లెక్కలు తీయగా 2021 జనవరి మొదలు 2023 జూలై వరకు అతనికి నికరముగా మిగిలినది రెండు కోట్లకు పైబడిన నష్టము. రమారమి 17 కోట్ల రూపాయలను విడిగా జమ కట్టవలెనని సెబీ ఆదేశించెను. అతని మాటను నమ్మినవారిలో నమోదు సంఖ్య అడిగినవారు ఎందరుందురు?

అయితే అడుగుట అవిశ్వాసము కాదా అందురేమో. యిర్మీయా ప్రవక్తను తలంచుకొనుడి. అతడు అనాతోతులోని పొలమును కొన్నది పరాయివానియొద్ద కాదు, సొంత పినతండ్రి కుమారుడైన హనమేలునొద్దనే. కొనుమని సెలవిచ్చినవాడు దేవుడే. అయినను 17 తులముల వెండిని త్రాసులో తూచెను, క్రయపత్రము వ్రాసి ముద్రవేసెను, సాక్షులను పిలిచెను, ఆ పత్రములను మట్టికుండలో భద్రపరచుమని బారూకునకు చెప్పెను. త్రాసును చూచి హనమేలు చిన్నబుచ్చుకొనెనని ఎక్కడను వ్రాయబడలేదు. యథార్థవంతుడు తూకమునకు భయపడడు. అడిగినంతనే కోపించువాడును, ఈ రాత్రికే డబ్బు పంపుమని తొందరపెట్టువాడును తన సంగతిని తానే బయటపెట్టుకొనుచున్నాడు.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. నమోదు ఉన్నంతమాత్రమున సలహా మంచిదని గాని, లాభము నిశ్చయమని గాని రుజువు కాదు. ఫిర్యాదు వచ్చిన దినమున జవాబు చెప్పుకొనవలసినవాడు ఒకడున్నాడని మాత్రమే దానివలన తెలియును. షేర్లలో ఇంత లాభము తప్పక వచ్చునని హామీ ఇచ్చువాడు, ఏ సంఖ్య చూపినను, విడిచిపెట్టదగినవాడే.

ఇక మన మనస్సాక్షికి సంబంధించిన మాట. మీరు సంఘములో పెద్దగానో, బడిలో ఉపాధ్యాయులుగానో, ఇంటిలో చదువుకొన్నవారుగానో ఉన్నయెడల మీ మాటకు విలువ కలదు. సరిచూడని సలహాను మీరు వాట్సాప్ గ్రూపులో పంపినప్పుడు, దానిని అందుకొన్న విధవరాలు ఆ ఊరుపేరు తెలియనివానిని నమ్మదు, మిమ్మును నమ్మును. అతడు అడుగకయే మీరు అతనికి పూచీపడినవారగుదురు. మీ సొమ్మును మీరు పోగొట్టుకొనుట నష్టము. మీ పేరు చూచి ఆమె తన సొమ్మును పోగొట్టుకొనుట అపరాధము. మొగమాటము ఆ నష్టములో ఒక్క రూపాయియైనను తిరిగి తీర్చదు.

కావున, ప్రియులారా, ప్రేమతోనే అడుగుడి, ప్రేమతోనే సరిచూడుడి. ఇంతవరకు సరిచూడక మీరు పంపినది ఏదైన ఉన్నయెడల, నేడే ఆ సంఖ్యను వెదకి, కనుగొన్న సంగతిని దానిని అందుకొన్నవారికి తెలియజేయుడి.