రేపటి చింతయు, నేఁటి జమాఖర్చును

రేపటినిగూర్చి చింతింపవలదని యేసుక్రీస్తు కొండమీఁది ప్రసంగమునఁ జేసిన బోధ క్రైస్తవులకే కాక, మనలో ఆంగ్లవిద్య నభ్యసించిన యనేకులకును సుపరిచితమైనదే. ఆకాశమునఁ దిరుగు పక్షులను, పొలములలోని పువ్వులను దృష్టాంతముగాఁ జూపి చెప్పిన యా మాటలు వినుట కెంత మధురములో ఆచరించుట కంత కఠినములు. సోమరి వానిని దిండుగాఁ జేసికొని నిద్రించును. సంసారి యవి సన్న్యాసులకొఱకుఁ జెప్పినవని నమస్కరించి యటకమీఁదఁ బెట్టును. భార్యాబిడ్డలు గలవాఁడు, అప్పుపత్రముల గడువు లెఱిఁగినవాఁడు, రేపటినిగూర్చి తలంపక యెట్లుండఁగలఁడు? తలంచుచునే దైవమును నమ్మితినని చెప్పుట కపటము కాదా? దీని నొక మతమువారి ప్రశ్నగా నెంచి విడిచిపెట్ట వలనుపడదు. దైవము కలదని నమ్ము ప్రతి గృహస్థునకును నెలాఖరున నిది యెదురగుచునే యుండును.

కేవల సిద్ధాంతములతో నిట్టి ప్రశ్నలను తీర్చుట కష్టము. కావున ఆ బోధను నమ్మి, అఱువదియేండ్లకుఁ బైగా దినదినమును వాడుకలోఁ బెట్టి, దాని ఫలితమును పెన్నీలతోసహ లెక్క వ్రాసి లోకముముందుంచిన యొక మనుష్యుని చరిత్రమును పరిశీలింతము.

జార్జి ముల్లరు 1805వ సంవత్సరమున ప్రష్యాదేశమున జన్మించెను. తండ్రి ప్రభుత్వమువారి పన్నులు వసూలుచేయు నుద్యోగి. ఆ సొమ్మునుండియే కుమారుఁడు దొంగిలించుచుండెను. పదునాఱేండ్ల ప్రాయమున హోటళ్లలో బసచేసి సొమ్ము చెల్లింపక చెఱసాలకుఁ బోయెను. భక్తుల చరిత్రములు వ్రాయువారు సామాన్యముగా నిట్టివి దాఁతురు గాని, యీయన తానే వ్రాసి ప్రకటించెను. విశ్వవిద్యాలయమునఁ జదువుచున్న దినములలో మనసు మాఱి, 1829లో ఇంగ్లండునకు వచ్చి, మఱుసటి యేఁడు టైన్‌మత్ అను నూర నొక చిన్నసంఘమునకు బోధకుఁడయ్యెను. ఆ కాలమున ప్రార్థనామందిరములలోఁ గూర్చుండు బల్లలకు అద్దె యుండెడిది. అద్దె నిచ్చుకొనఁగలవారికి మంచి చోటులు, బీదలకు మూలలు. ఆ యద్దెలనుండియే బోధకునికి జీతము. ముల్లరు 1830లో ఆ జీతమును వదలుకొని, మందిరములో నొక పెట్టె నుంచి, ఇయ్యఁదలఁచినవారు అందు వేయవచ్చునని చెప్పెను. దైవసన్నిధిని ఆసనములకు వెలకట్టుట ధర్మము కాదని ఆయన యభిప్రాయము. మన దేవాలయములలోని ప్రత్యేకదర్శనపు టిక్కెట్లు చదువరులకు జ్ఞప్తికి వచ్చినచో అది నా దోషము కాదు.

1832లో ఆయన బ్రిస్టలు నగరమునకు మాఱెను. అచ్చట గృహస్థులను దర్శించుచుండఁగా ఆయన కొక విషయము గోచరమయ్యెను. ఒకఁడు దినమునకుఁ బదునాలుగు, పదునాఱు గంటలు పనిచేయుచు దేహమును చెడఁగొట్టుకొనుచుండెను. పని కొంత తగ్గించి దైవచింతనకుఁ గాలము నుంచుకొమ్మనఁగా, అట్లయిన సంసారము గడచుటెట్లని వాని భయము. వర్తకులు, అందఱివలె తామును చేయకున్న అంగడి నిలువదని చెప్పి, అంతరాత్మ కొప్పని బేరములు చేయుచుండిరి. ముసలివారు తుదకు బీదలసత్రముపాలు కావలసివచ్చునని దిగులుపడుచుండిరి. వీరెవ్వరును నాస్తికులు కారు. ఆదివారమునాఁడు దేవుఁడు తండ్రి యని పాడినవారే. సోమవారము మొదలు ఆ తండ్రికి అంగడిలోఁ బ్రవేశము లేదు.

వీరికి మఱియొక ప్రసంగము చేయుటవలన లాభము లేదని ముల్లరు గ్రహించెను. వాదముకంటె సాక్ష్యమునకు బలము హెచ్చని న్యాయస్థానముల నెఱిఁగినవారికిఁ జెప్ప నక్కఱలేదు. ధనహీనుఁడైన తాను ఎవ్వరిని యాచింపక, దేవుని మాత్రమే ప్రార్థించి, అనాథబాలకులను పోషించి చూపినచో, అది వీరందఱి కన్నులకుఁ గట్టిన సాక్ష్యమగునని తలంచెను. పిల్లల సంరక్షణము ముఖ్యమే యైనను, మొదటి యుద్దేశము ఇదియే యని ఆయనయే వ్రాసికొనెను. తల్లిదండ్రులు లేని బిడ్డలను ఒక సిద్ధాంతమునకు సాక్ష్యముగాఁ జేయుట తగునా యని నాకు సందేహము లేకపోలేదు. కాని ఆ బిడ్డలు తినిన రొట్టె నిజమైన రొట్టెయే.

ఇల్లు, సామాను, పనివారు, ధనము అన్నిటికొఱకును ప్రార్థించి సంపాదించి, 1836 ఫిబ్రవరి 3వ తేదీని దరఖాస్తులు పుచ్చుకొందునని ప్రకటించి ఆయన కూర్చుండెను. రెండుగంటలు గడచినను ఒక్కరును రాలేదు. పిల్లలకొఱకు మాత్రము తాను ప్రార్థింపలేదని అప్పుడు స్ఫురించెను! లోకమున అనాథలకేమి కొదవ, వారంతట వారే వత్తురని ఆయన తలంపు. ఆ సాయంకాలము ప్రార్థింపఁగా మఱునాఁడు మొదటి దరఖాస్తు వచ్చినది. ఏప్రిలు మాసమున విల్సను వీథిలో మొదటి యిల్లు తెఱవఁబడెను. అటుపిమ్మట ఆ వీథిలో నిండ్లు నాలుగయ్యెను. పిల్లల సందడికి ఇబ్బందిగా నున్నదని 1845లో పొరుగువా రొకరు మర్యాదగా లేఖ వ్రాయఁగా, ఆ మాట న్యాయమేనని యొప్పుకొని, ఊరిబయట ఆష్లీడౌను అను మిట్టమీఁద స్థలము కొని కట్టించెను. 1849లో అచ్చటి మొదటి భవనము, 1870 నాఁటికి అయిదవ భవనము ముగిసెను. రెండువేలకుఁ బైగా బాలబాలికల కందుఁ జోటు గలదు. ఆయన జీవితకాలమున నా గృహములలోఁ బెరిగినవారు పదివేలమందికిఁ బైఁబడిరి.

ఈ చరిత్రము చెప్పువారందఱును యాచింపకుండుటనే పొగడుదురు. నాకుఁ జూడఁగా అంతకంటెను గొప్పవి మఱి రెండు నియమములు: అప్పు చేయఁగూడదు, ప్రతి పెన్నీకిని లెక్క యుండవలయును. ఏటేట లెక్కలు పరీక్షింపఁబడి అచ్చుపడుచుండెను. దైవమును నమ్మినవానికిఁ జిట్టా ఆవర్జాలతోఁ బనియేమి యని మనవా రడుగుదురు. నమ్మినవానికే వానితోఁ బని. సొమ్ము దేవునిదని నిజముగాఁ దలఁచువాఁడు పరులసొమ్మునకు ధర్మకర్త వంటివాఁడు. ధర్మకర్త లెక్క చెప్పక తప్పదు. ఇఁక అప్పుమాట. అప్పుచేసి ధర్మకార్యము సాగించువాఁడు దేవునిపేర హుండీ వ్రాసి, అంగీకారపు సంతకమును తానే చేసినవాఁడు. రేపటిని దేవునికి విడిచితి ననుచునే రేపటి యాదాయమును నేఁడే తినివేయుచున్నాఁడు. చేతిలో నున్నంతవఱకే వ్యయము చేసి, లేనినాఁడు లేదని యొప్పుకొనుట విశ్వాసము.

1857వ సంవత్సరము నవంబరు చివరను జరిగిన సంగతి యొకటి యీ మనుష్యుని పద్ధతిని చక్కఁగాఁ దెలుపును. మొదటి భవనమును వెచ్చగా నుంచు బాయిలరు కాఱుట మొదలిడెను. మున్నూఱుమంది పిల్లలు, అందు పసివారును గలరు. బాయిలరు చుట్టును ఇటుకకట్టడ ముండుటచే, దానిని కూల్చి చూచినఁగాని లోపము తెలియదు. నిప్పు చల్లార్చినఁగాని కూల్చ వలనుగాదు. పనికి దినము నిర్ణయించిన పిమ్మట గడగడ వణకించు ఉత్తరపుగాలి వీవసాగెను. ఉత్తరపుగాలి దక్షిణపుగాలిగా మాఱవలయుననియు, పనివారికిఁ బనియందు మనసు గలుగవలయుననియు ఆయన ప్రార్థించెను. నిర్ణయించిననాఁడు దక్షిణపుగాలియే వీచెను. సాయంకాలము మేస్త్రీ తనవారు ఇంటికిఁ బోయి తెల్లవాఱుజామునకు వత్తురని చెప్పఁబోఁగా, పనివారే రాత్రియంతయుఁ బని చేసెదమనిరి.

గాలి మాఱుటను చదువరులు తమ తమ మతానుసారముగా నర్థముచేసికొందురు గాక. నేను గమనింపుమనునది వేఱు. బాయిలరును ప్రార్థనతో బాగుచేయుమని ఆయన దేవుని నడుగలేదు. పనివారిని పిలిపించెను, దినము నిర్ణయించెను, ఇటుకలు తీయించెను. తనచేతఁ గానిది గాలి, ఇతరుల మనసు. వానిని మాత్రమే దేవునికి విడిచెను. ఎక్కడివఱకుఁ దనపని, ఎక్కడనుండి దైవమునది యను సరిహద్దు నింత స్పష్టముగా నెఱిఁగినవారు తక్కువ. మనలోఁ బలువురు సరిహద్దుఱాయిని తమ సౌకర్యముకొలఁది జరుపుచుందురు.

ఇఁక ఆక్షేపణలు. ఏటేట నివేదికల నచ్చువేయించి పంచుట యాచనకాదా? చేయి చాపకపోయినను ఖాళీకంచము కనఁబడుచుండెను గదా! ఈ యాక్షేపణను త్రోసివేయ రాదు. కాని 1841 డిసెంబరులో జరిగినదానిని విచారింపుఁడు. నివేదికను వెలువరించి బహిరంగసభ జరుపవలసిన సమయమునకు ధనము మిక్కిలి తఱిగియుండెను. ఇప్పుడు సభ జరిపినచో అది సహాయమడుగుటయే యగునని తలంచి, ఆయన సభను, నివేదికను కొన్నినెలలు ఆఁపివేసెను. ఆ పిమ్మటి నాలుగునెలలును ఆయన యనుభవించిన యిక్కట్టులలో మిక్కిలి కఠినములైనవి. తన సాక్ష్యము కలుషితము కాకుండుటకై లాభకరమైన సమయమును చేతులార విడిచినవానిని మోసగాఁడని తీర్పు చెప్పుట నాచేతఁ గాదు. అంతమాత్రమున ఆ నివేదికలవలన నెవ్వరికిని దానబుద్ధి పుట్టలేదని చెప్పుటయును సత్యము కాదు.

అంతకంటె బలమైన యాక్షేపణ మన నేలనుండియే పుట్టుచున్నది. ముల్లరు బ్రిస్టలు చేరిన 1832లోనే నందన కఱవు మొదలయ్యెను. డొక్కల కఱవని ప్రజ లనునది అదియే. గుంటూరు జిల్లాలోని సుమా రయిదులక్షల ప్రజలలో లక్షన్నర మొదలు రెండులక్షలవఱకును 1833 నాఁటి యా యుత్పాతమున నశించిరని లెక్కలు. ముల్లరు బావమఱఁది ఆంథొని నారిస్ గ్రోవ్సు, నియతమైన జీతమును నమ్ముకొనక దైవమునే నమ్మి సువార్తపని చేయువాఁడు. ఆయనతో 1836లో బయలుదేఱి వచ్చిన బౌడెను, బీరు అను నిరువురే గోదావరీ డెల్టాలో, నరసాపురప్రాంతమున, ఆ విధముగానే పనిచేసిరి. అనఁగా బ్రిస్టలులో అనాథలకు రొట్టె దొరికిన సంవత్సరముననే, ఆ విశ్వాసముగలవారే, మూఁడేండ్లక్రిందట అన్నములేక జనులు దారులవెంటఁ బడి చచ్చిన తీరమున నడుగిడిరి. గుంటూరుతల్లులు ప్రార్థింపలేదా? వారి ప్రార్థనలో కొఱఁతయేమి?

కొఱఁత యున్నదని చెప్పుటకంటె క్రూరమైన మాట లేదు. కర్మఫలమనినను అంతే, విశ్వాసలోపమనినను అంతే. చచ్చినవారిపై నేరము మోపుటయే. కావున ముల్లరు చరిత్రము, ప్రార్థించినవానికెల్ల అన్నము దొరకునని స్థాపింపఁజాలదు. గోదావరికి 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టవలన డెల్టా కఱవులకు దూరమయ్యెను. దానిని నిర్మించిన ఆర్థరు కాటను దైవభక్తుఁడే. కాని ఆయన భక్తి ఱాళ్లను మోయించినది, ప్రభుత్వమువారితో నెడతెగక వాదించినది.

మఱి ముల్లరు స్థాపించిన దేమి? విశ్వాసము తన యాకలికిఁ దాను చెప్పుకొనవలసిన మాట యనియు, పరుని యాకలికిఁ జెప్పవలసినది అన్నమే యనియు నని నా యభిప్రాయము. ఇయ్యక, దేవుఁడే యిచ్చునని బీదవానిని సాగనంపువానిని క్రైస్తవ గ్రంథములలోని యాకోబు పత్రికయే నిందించుచున్నది. దేవుని నమ్మి యుపవసింపుఁడని ముల్లరు పిల్లలతో ననలేదు. వారి కొఱఁత తీఱుటకుఁ దన వస్తువు లమ్మిన దినములు గలవు. ఆయనయందును లోపము లేకపోలేదు. సక్రమవివాహమునఁ బుట్టి, తలిదండ్రు లిరువురును లేనివారినే చేర్చుకొనుచుండెను. వివాహములేని తల్లికిఁ బుట్టిన శిశువు ఎవని పాపమునకు శిక్ష యనుభవింపవలయును? పక్షులను పోషించు దేవుఁడు గూఁటి పుట్టుపూర్వోత్తరములను విచారించునని కొండమీఁది ప్రసంగమున లేదు.

మన సంసారములలో నీ పరీక్ష వేఱురూపమున వచ్చును. కుమార్తె వివాహమునకు శక్తికిమించి ఋణముచేసి 'దేవుఁడే తీర్చును' అనువాఁడు కలఁడు. దొంగపత్రమును పుట్టించి, వ్యాజ్యము గెలిచినచో ముడుపు చెల్లింతునని మ్రొక్కుకొను కక్షిదారుఁడు కలఁడు. ఇరుపక్షములవారును ఒకే దేవునికి మ్రొక్కి న్యాయస్థానపు మెట్లెక్కుట నేను దినదినమును జూచుచున్నాను. వీరు భక్తిలేనివారు కారు. కాని అబద్ధమాడనిచో బ్రదుకలేనని తలంచిన క్షణముననే వారు నమ్మిక కోలుపోయిరి. బ్రిస్టలు వర్తకుని వ్యాధియే యిది. తూనికలో మోసము చేయక, వచ్చిన కొలఁదితో నంగడి మూసికొని, రాత్రి నిద్రపోఁగలిగిన కోమటి యొకఁడున్నచో, అతఁడు ఏ మతమువాఁడైనను, రేపటిని దేవునికి విడిచినవాఁడే.

ముల్లరు 1898 మార్చి 10వ తేదీ యుదయమున, తొంబదిరెండేండ్ల వయసున, తన గదిలో మృతుఁడై కనఁబడెను. ఆయన చేతులమీఁదుగా నడచిన సొమ్ము సుమారు పదునైదులక్షల పౌనులు. సామానులు పుస్తకములతోసహ ఆయన విడిచిన యాస్తి రెండువందల పౌనులకు మించలేదు. నివేదికలలో ఏటేట దాతపేరు లేక, క్రీస్తుసేవకుఁ డొకఁ డిచ్చినదని మాత్రము పద్దు పడుచుండెడిది. ఆయన మరణానంతరము లెక్కలు చూడఁగా అట్టి పద్దులు ఎనుబదివేల పౌనులకుఁ బైఁబడెను. తన స్వంతఖర్చులకని ఇతరులు పంపినదానినుండి ఆయనయే యిచ్చుచుండెను.