తట్ట అందుకున్న చేయి



జ్యేష్ఠమాసం వచ్చేసరికి మన న్యూజెర్సీ ఇళ్ళలో ఒక కొత్త సందడి మొదలవుతుంది. చలికాలమంతా కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్న తులసమ్మ, కరివేపాకు కుండీ మెల్లగా బయటికి వస్తాయి. మెమోరియల్ డే సెలవులకు ఇంటి వెనక నేల తవ్వుతాం. వంగనారు, మిరపనారు నాటుతాం. బెండ గింజలు, గోంగూర గింజలు రాత్రి నానబెట్టి పొద్దున్నే వేస్తాం. జూన్ నెలలో రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. పిల్లల బడులు ముగుస్తాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. శని ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో పదిమందిమీ కలుస్తాం.

ఇదే మాసంలో పౌర్ణమినాడు మన తెలుగునాట ఏరువాక సాగుతుంది. రైతు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజ చేసి తొలి చాలు దున్నుతాడు. పొంగలి వండి ఎడ్లకు తినిపిస్తాడు. ఇంటిల్లిపాదీ పొలానికి వెళతారు. చేలో పనిచేసే ప్రతి ప్రాణికీ ఆ పండుగలో వాటా ఉంది. మనకిక్కడ ఎడ్లూ లేవు, నాగలీ లేదు. ఉన్నది పది అడుగుల మడి, ఒక పార. అయినా కాలం మాత్రం అదే. అక్కడ తొలకరికి ఎదురుచూసి విత్తుతారు, ఇక్కడ మంచు భయం తీరాక విత్తుతాం. మరి మన మడిలో ఎవరెవరికి వాటా ఉంది? ఈ ప్రశ్నకు జవాబు తిరుమల కొండ మీద ఒక పూలతోటలో దొరుకుతుంది.

భగవద్రామానుజులు ఒకనాడు శిష్యులందరినీ చూసి, తిరుమలకు వెళ్ళి స్వామికి పుష్పకైంకర్యం చేసేవారు మీలో ఎవరని అడిగారట. ఆ రోజుల్లో కొండ అంటే అడవి, చలి, మృగాల భయం. ఎవరూ పలకలేదు. అనంతాళ్వారు ఒక్కరే లేచి నేను వెళతానన్నారు. గర్భవతి అయిన భార్యను వెంటబెట్టుకుని కొండ చేరారు. తోటకు నీళ్ళు కావాలి కనుక చెరువు తవ్వడానికి పూనుకున్నారు. ఆయన గునపంతో తవ్వుతుంటే, ఆమె తట్టతో మట్టి మోసి దూరంగా పోసి వచ్చేది.

అలా ఉండగా పన్నెండేళ్ళ పిల్లవాడొకడు వచ్చి, "అమ్మ అలసిపోయింది స్వామీ, ఆ తట్ట నాకివ్వండి" అన్నాడు. అనంతాళ్వారు ఒప్పుకోలేదు. ఇది గురువుగారు మాకు అప్పగించిన సేవ, ఇందులో ఇంకొకరికి భాగం లేదు పొమ్మన్నారు. పిల్లవాడు ఊరుకుంటాడా? ఆయన కంటపడకుండా కొంత దూరంలో నిలబడి, ఆ తల్లి చేతిలో తట్ట అందుకుని తానే మోయసాగాడు. ఇంత తొందరగా ఎలా తిరిగి వస్తున్నావని భర్త నిలదీస్తే సంగతి బయటపడింది. ఆయనకు కోపం వచ్చింది. చేతిలో ఉన్న గునపం విసిరారు. అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. వాడు పరుగెత్తి గుడివైపు వెళ్ళి మాయమయ్యాడు. ఆ తరువాత చూస్తే గర్భాలయంలో స్వామివారి గడ్డం నుంచి రక్తం కారుతోంది! అనంతాళ్వారు గుండె బాదుకుని ఏడ్చి, ఆ గాయానికి పచ్చకర్పూరం అద్దారు. నేటికీ శ్రీవారి గడ్డానికి పచ్చకర్పూరం పెడుతున్నారు. ఆ గునపం మహాద్వారం దగ్గర గోడకు వేలాడుతూ ఉంటుంది. క్యూలో తోపులాట మధ్య ఇన్నాళ్ళూ గమనించకపోతే, ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం తలెత్తి చూడండి.

ఈ కథ విన్నప్పుడల్లా మనం స్వామివారి లీలను తలచుకుని చేతులు జోడిస్తాం. అందులో మనకు చెప్పిన మాట ఇంకొకటుంది. అనంతాళ్వారు భక్తిలో లోపం లేనివారు. సేవ అంతా తానే చేయాలన్న ఆర్తితోనే కాదన్నారు. అంతటి మహానుభావుడి తోటలో కూడా భగవంతుడు తానుగా వచ్చి, నాకూ కాస్త మట్టి మోసే భాగ్యం ఇవ్వమని అడిగాడు. పనిలో పాలు అడగటానికి వచ్చిన చేయి ఎవరిదో మనకెలా తెలుస్తుంది?

మా ఇంటి సంగతి చెప్పుకుంటాం. 2011 వేసవిలో మా అమ్మగారు గుంటూరు జిల్లా నుంచి మా దగ్గరికి వచ్చారు. నాన్నగారు పోయిన మరుసటి ఏడాది అది. పొద్దున మేమిద్దరం ఆఫీసులకు, పిల్లలు బడికి. ఆవిడ ఆ పెద్ద ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని వెనక పచ్చికను చూసేవారు. ఒకరోజు, "ఇంత నేల ఉత్త గడ్డికి వదిలేశారేమిటి నాయనా? ఆ మూల నాలుగడుగులు తవ్వి పెట్టు. గోంగూర చల్లుకుంటాను, నాకూ పొద్దుపోతుంది" అన్నారు. అప్పుడే లాన్ కొత్తగా వేయించాం. పాడవుతుందని మా బాధ. "ఈ ఎండలో నీకెందుకమ్మా శ్రమ, హాయిగా కూర్చో. వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాం. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆరు నెలలు గడిచాక వెళ్ళిపోయారు. ఆ వచ్చే ఏడుకి ఆవిడ లేరు.

ఆవిడను మేము ప్రేమగా చూసుకోలేదని ఎవరూ అనరు. వేళకు భోజనం పెట్టాం, నయాగరా చూపించాం, పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుణ్ణి చూపించాం. ఆవిడ అడిగిన ఒక్క తట్ట మట్టి మాత్రం ఇవ్వలేదు. అనంతాళ్వారు గురువుగారి ఆజ్ఞ కోసం కాదన్నారు, మేము గడ్డి కోసం కాదన్నాం. తరువాత ఆ మూల తవ్వాం. ఏటా అక్కడ గోంగూరే వేస్తున్నాం. వర్షం పడ్డ మర్నాడు ఆ మడిలో మొలకలు చూసినప్పుడు మాకు కలిగేది సంతోషమొక్కటే కాదు.

అందుకే ఈ వేసవిలో మీ అందరికీ మా మనవి ఇది. బంధువులు కలిసినప్పుడు పెద్దవారిని కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి ప్లేటిచ్చి, "మీరు కదలకండి" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ అరవై ఏళ్ళు ఇల్లు నడిపిన చేతులకు ఆ మాట ఎంత బరువో ఆలోచించండి. వంగి తవ్వలేకపోతే కుండీ బల్లమీద పెట్టి ఇవ్వండి. నారు ఎంత దూరంలో నాటాలో, పందిరి ఎంత ఎత్తు వేయాలో ఆయననే చెప్పమనండి. చెప్పినట్టు చేయండి. కాయ నాలుగు తగ్గినా నష్టమేమీ లేదు.

పిల్లల్నీ అంతే. నీళ్ళు ఒలకబోస్తారని, మొలకలు తొక్కుతారని దూరం పెడతాం. ఒక చక్కని పని ఉంది వారికి. సొరపువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరుకుంటాయి. అందుకని ఒక్కోసారి మగపువ్వు కోసి మనమే ఆడపువ్వుకు అద్దాలి. ఆడపువ్వు వెనక బుల్లి కాయ ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపట్టవచ్చు. ఈ పని మనవడి చేత అమ్మమ్మ దగ్గరుండి చేయిస్తే చూడండి! వీడికి తెలుగు తడబడుతుంది, ఆవిడకు ఇంగ్లీషు రాదు. పందిరి కింద ఆ ఇబ్బంది ఉండదు. కాయ దిగిన రోజున ఇద్దరూ ఒకే భాషలో కేక పెడతారు.

అడగకుండా వచ్చే సహాయకులు ఇంకా ఉన్నారు. తేనెటీగ, వానపాము, పిచ్చుక. పూత మీద పురుగుమందు కొట్టడమంటే తట్ట మోయడానికి వచ్చినవాడి మీద గునపం విసరడమే. కుందేళ్ళకు, జింకలకు కంచె కట్టుకోండి, తప్పులేదు. విషం మాత్రం పెట్టకండి.

విత్తనాల గురించి ఒక్క మాట. అమ్మానాన్నలు ప్రేమగా మూటగట్టి తెస్తారు. నాటే విత్తనాలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, మొక్కలూ మట్టీ ఇష్టమొచ్చినట్టు తేకూడదు. ఏమి తెచ్చినా కస్టమ్స్ వారికి చెప్పాలి. కరివేపాకు చెట్టును ఆశ్రయించే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకు తెగులు అంటిస్తుంది. ఇంకొకరి తోట పాడుచేసి మన తోట పెంచుకోవడం ధర్మం కాదు. ఇక్కడే ఒకరి దగ్గర ఒకరు గింజలు పంచుకుందాం.

ఇక పంట. ఆకు, పువ్వు, పండు, నీరు భక్తితో ఏది ఇచ్చినా స్వీకరిస్తానని గీత తొమ్మిదో అధ్యాయంలో పరమాత్మ మాట ఇచ్చాడు. మూడో అధ్యాయంలో, తన కోసమే వండుకునేవాడు పాపాన్నే తింటున్నాడని హెచ్చరించాడు. ఈ రెండు మాటలూ కలిపి పట్టుకుంటే చాలు. తొలి కోత స్వామికి. రెండోది మడి లేని ఇంటికి. మన చుట్టూ అపార్ట్‌మెంట్లో నలుగురేసి ఉంటున్న విద్యార్థులున్నారు, ఒంటరిగా ఉంటున్న పెద్దవారున్నారు. గోంగూర కట్ట పట్టుకెళ్ళి తలుపు తట్టండి. వచ్చే ఆదివారం మా ఇంటికి రండి, కలిసి పప్పు వండుకుందాం అని పిలవండి. వచ్చినవారు ఏదైనా చేస్తామంటే వద్దనకండి. ఆకు వలవమనండి, నీళ్ళు పట్టమనండి. పనిలో చేయి కలిపినవారు ఆ పూట నుంచి మన ఇంటివారే అవుతారు.

ఈ జ్యేష్ఠ పౌర్ణమి నాటి సాయంత్రం మనమందరం ఒక పని చేద్దాం. పారకు, కుండీకి కాస్త పసుపు కుంకుమ పెట్టి, ఇంట్లో అందరికన్నా పెద్దవారి చేత, అందరికన్నా చిన్నవారి చేత కలిపి ఒక విత్తు వేయిద్దాం. ఈ సంవత్సరం చేద్దాం. వచ్చే ఏడుకి వాయిదా వేయవద్దు. ఆ చిన్న మడి దగ్గర ఎవరు వచ్చి తట్ట అందుకుంటారో, ఆయనకే ఎరుక.

శుభం భూయాత్.