హంతకుడు దొరికిన తర్వాత

డిటెక్టివ్ కథకు ఒక కట్టుబాటు ఉంది. మొదట శవం, తర్వాత ప్రశ్న, చివర ఒక పేరు. ఆ పేరు తెలిశాక పుస్తకం మూసి నిద్రపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఈ కట్టుబాటు మీద గురి కుదరడం కష్టం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారు. బావుల నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేశారు. మట్టి తీసుకెళ్లారు, రక్తం తీసుకెళ్లారు. నీటిలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, భారలోహాలన్నారు, ఎండలో పనిచేసి చాలినన్ని నీళ్లు తాగకపోవడం అన్నారు. శ్రీలంక వరి రైతుల్లోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా అనుమానితులు చాలామంది, నేరం రుజువైనది ఏ ఒక్కదాని మీదా కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం వచ్చింది. వైద్యం దగ్గరకొచ్చింది, నీళ్లు వచ్చాయి. చివరి పేజీలో ఉండాల్సిన పేరు మాత్రం ఇంకా రాలేదు.

ఈ మనసుతోనే నేను 'డిస్కో ఎలీసియమ్' ఆడాను. 2019 అక్టోబరులో విడుదలైన రోల్ ప్లేయింగ్ గేమ్ అది. ఎస్తోనియా రచయితలు, చిత్రకారులు కొందరు కలిసి చేశారు. వాళ్లలో ముఖ్యుడు రాబర్ట్ కుర్విట్జ్. అదే కల్పిత లోకం మీద అతను 2013లో రాసిన నవల పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ లోకాన్నే ఆటగా మలిస్తే ప్రపంచమంతా చదివింది. చదివింది అనే అనాలి. హరిశ్చంద్రపురంలో మా ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్‌లో దీన్ని ఎక్కించిన మా మేనల్లుడు ముందే చెప్పాడు: "కొట్లాటలుండవు మావయ్యా, అంతా చదువుకోడమే." పది లక్షల మాటలకు పైగా ఉన్న రచన అది.

కథ ఇది. ఒక పోలీసు డిటెక్టివ్ తాగి తాగి, తన పేరు కూడా మరిచిపోయి, రేవు పక్క మార్టినేజ్ అనే పాడుబడ్డ పేటలోని హోటల్ గదిలో లేస్తాడు. హోటల్ వెనక చెట్టుకు ఒక శవం వారం రోజులుగా వేలాడుతోంది. దింపే నాథుడు లేడు. రేవులో కార్మికుల సమ్మె నడుస్తోంది. కిమ్ కిత్సురాగి అనే తోటి అధికారి వచ్చి, ఓపికగా, తక్కువ మాటలతో, ఇతన్ని మనిషిని చేసే పని కూడా భుజాన వేసుకుంటాడు.

ఈ ఆటలో నేను మొదట ప్రేమించింది ఓటమిని కథలో కలుపుకున్న తీరు. ఏదైనా కష్టమైన పని చేయబోతే రెండు పాచికలు దొర్లుతాయి. ఒంట్లోనో బుద్ధిలోనో ఉన్న బలాన్ని వాటికి కలుపుతారు. రెండు ఒకట్లు పడితే ఎంతటివాడైనా ఓడిపోవాల్సిందే. మిగతా ఆటల్లో ఓడితే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడతాం, ఆ ఓటమి జరగనట్టే లెక్క. ఇక్కడ ఓడినా కథ ముందుకే పోతుంది, పైగా కొన్నిసార్లు ఇంకా మంచి చోటికి పోతుంది. హోటల్లో ఈ డిటెక్టివ్ ఒక దుఃఖగీతం పాడే ఘట్టం ఉంది. పాచికలు అనుకూలిస్తే బాగానే పాడతాడు. ప్రతికూలిస్తే గొంతు బొంగురుపోయి, శ్రుతి తప్పి, ఊపిరాడనట్టు పాడతాడు. ఆ బొంగురు గొంతులోనే ఆ మనిషి బతుకంతా వినిపించింది నాకు. ఇక్కడ పంటలు, తుపాన్లు చూస్తూ బతికినవాణ్ణి కాబట్టి కావచ్చు, ఓడినవాడి కథను మధ్యలో ఆపేయకుండా చెప్పే కళ మీద నాకు గౌరవం ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క పూటలో కొబ్బరితోటలను, జీడితోటలను పడగొట్టిపోయింది. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఇక్కడి రైతు కథ ఆగి కూర్చోలేదు కదా.

రెండో గొప్పతనం, ఆ డిటెక్టివ్ తలలోని గొంతులు. తర్కం, సానుభూతి, అధికార దర్పం, మత్తు మీది యావ, ఊరి గాలిలోంచి సంగతులు వినే ఒక విచిత్రమైన వణుకు, ఇలా ఇరవై నాలుగు గుణాలు అతనితో మాట్లాడుతూనే ఉంటాయి. కథను ఆపి ప్రశ్నిస్తాయి, ఎగదోస్తాయి, అబద్ధం చెబుతాయి. బుర్రకథలో నడిమి కథకుణ్ణి చెరో పక్క నుంచి ఒకరు రాజకీయంతో, ఒకరు హాస్యంతో లాగుతూ ఉంటారే, ఆ వంతపాటగాళ్లు ఒకే మనిషి పుర్రెలోకి దిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. కథ చెప్పేవాణ్ణి నమ్మాలా, పక్కవాళ్లను నమ్మాలా అన్న సందేహం వినేవాణ్ణి మేలుకొని ఉంచుతుంది. ఆ మెలకువే ఈ ఆట ప్రాణం.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది అసలు కేసుతో సంబంధం లేని ఒక చిన్న ముక్క. పుస్తకాల దుకాణంలో నిలబడి చదువుకుంటున్న ఒక శ్రామిక స్త్రీ, భర్త ఇంటికి రాలేదని మాటల మధ్య చెబుతుంది. ఆమెకేమీ కంగారు లేదు, వస్తాడులే అనుకుంటోంది. తర్వాత సముద్రం ఒడ్డున చెక్క వంతెన మీద ఒక మనిషి శవం దొరుకుతుంది. హత్య కాదు, కుట్ర లేదు. తాగి నడుస్తూ పడిపోయాడు, అంతే. ఇప్పుడు ఆమె తలుపు తట్టి చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో ఎంచుకోమని ఆట అడుగుతుంది. ఎంచుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. సరైన మాట అంటూ ఏదీ లేదని ఆ రచయితలకు తెలుసు. కూడబెట్టుకునేందుకు ఆధారం లేదు, పట్టుకునేందుకు దోషి లేడు. ఒక మనిషి ఇంకో మనిషికి చావు కబురు మోసుకెళ్లడమే మొత్తం కథ. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చాక, ఇంట్లో ఆడవాళ్లకు ఎవరు చెప్పాలన్న దగ్గర ఆగిపోయిన మగవాళ్లను చూసిన నాకు, ఏ భాషలోనైనా ఇంత నిజంగా రాసిన ఘట్టాలు తక్కువే అనిపించింది.

ఇక ఆ ఊరు. మార్టినేజ్ గోడల మీద తూటాల గుంతలున్నాయి. నలభై ఏళ్ల క్రితం అక్కడ ఒక విప్లవం వచ్చి, కమ్యూన్ ఏర్పడి, బయటి దేశాల కూటమి సైన్యాల చేతిలో అణగారిపోయింది. ఆ సంగతి ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు. ఒక ముసలాయన బంతులాటలో విసిరే మాటలో, ఒక వీధి మధ్య గొయ్యిలో అది ఉంటుంది. నాకు ఇది కొత్త కాదు. 1967 అక్టోబరు 31న లేవిడిలో గిరిజనులు కోరన్న, మంగన్న నేలకొరిగిన తర్వాత రాజుకున్న శ్రీకాకుళ పోరాటం కొండల నుంచి ఉద్దానం దాకా పాకింది. బొడ్డపాడు బిడ్డ పంచాది కృష్ణమూర్తి 1969 మేలో, జముకుల కథ కట్టి ఊరూరా చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి అదే ఏడాది డిసెంబరులో, పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో చనిపోయారు. ఓడిన పోరాటం ఊరిని వదిలిపెట్టి పోదు. పిల్లలకు పెట్టే పేర్లలో ఉంటుంది, పాటల్లో ఉంటుంది, ఎవరింటి గురించి మాట్లాడినా గొంతు తగ్గించే అలవాటులో ఉంటుంది. దీన్ని ఆట అంత సూక్ష్మంగా ఎలా పట్టుకుందా అని ఆశ్చర్యపోయాను.

అందుకే దాని ముగింపు నన్ను అంతగా నొప్పించింది. ఆట ఆడదలచినవాళ్లు ఇక్కడ ఆగి, ఆడాక మిగతాది చదవండి. హంతకుడు దొరుకుతాడు. సముద్రంలోని ఒక దీవిలో, పాత కోటలో, దశాబ్దాలుగా ఒంటరిగా దాక్కున్న ముసలి విప్లవకారుడు. అప్పటిదాకా అతను కథలో లేడు. తూటా వచ్చిన దిక్కు లాంటి కొన్ని ఆనవాళ్లు తప్ప, అతని ముఖం మనకు తెలియదు, అతనితో ఒక్క మాట మాట్లాడి ఉండం. శత్రువు మీది పగ, దూరం నుంచి చూస్తూ వచ్చిన ఒక యువతి మీది కోరిక, రెండూ కలిసి తుపాకీ పేల్చాడు. డిటెక్టివ్ కథగా ఇది మోసం అని కొందరంటారు. నా బాధ అది కాదు. ఓడిన తరం మొత్తానికి మిగిలిన ముఖం ఇదేనా అన్నది నా బాధ. మా దగ్గర ఆ తరంలో బతికి మిగిలినవాళ్లు దీవుల్లో కూర్చోలేదు. ఊళ్లోనే ఉన్నారు. పెళ్లిళ్లకొచ్చారు, పేపరు చదివారు, పొలం దున్నారు, అమరుల స్తూపం దగ్గర ఏటా నిలబడ్డారు. వాళ్లలో కోపం ఉంది, అలసట ఉంది, తమలో తాము తేల్చుకోని తగాదాలున్నాయి. ఒంటరి ఉన్మాదం కంటే అది రాయడానికి ఎంతో కష్టమైన సంగతి. ఆట ఆ కష్టాన్ని తప్పుకుంది.

ఇంకొకటి. దీవికి వెళ్లే ముందు సమ్మె కార్మికులకూ కిరాయి సైనికులకూ మధ్య కాల్పుల ఘట్టం వస్తుంది. అది ఆటలో ఊపిరి నిలిచిపోయే చోటు. అయితే డిటెక్టివ్ గాయపడి స్పృహ తప్పి, లేచి, పడవెక్కి వెళ్లిపోతాడు. కాల్పుల తర్వాత ఆ పేట ఏమైందో కొద్ది మాటల్లోనే వింటాం. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న మాకు దగ్గరలోని కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలను వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. మనుషులు పోయారు. ఆ రెండు చోట్లా అసలు కథ ఆ తర్వాతే మొదలైంది: కేసులు, వాయిదాలు, ఊళ్లో ఎడమొహాలు, బీల అనే చిత్తడి నేల మీద మళ్లీ దిగిన పక్షులు, పడిపోయినవాడి ఇంట్లో పొయ్యి. మా చిన్నాన్న ఒకసారి అన్నాడు: "కాల్చినోడెవుడో తేలితే మాత్రం పోయినోడొస్తాడేటి? ఉన్నోళ్లం ఎలగుండాలో అది సెప్పండి." డిటెక్టివ్ కథ మొత్తాన్నీ తిరగేసి చూపే ప్రశ్న అది.

ఈ ప్రశ్నను ఎదుర్కొన్న కథ మా జిల్లాలోనే ఉంది. కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం', 1964. అదీ ఒక రకమైన విచారణే. ఒక అప్పు, దాని మీద ఊరి పంచాయితీ, అందరి మాటలూ అందరి ఎదుటా. చివర అప్పుపడ్డ ఇంటి సీతారాముడు కన్నబిడ్డను నరికి తెచ్చే ఘోరం జరుగుతుంది. నరికిన చెయ్యి ఎవరిదో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా చదివేవాడు ఆ పేరు దగ్గర ఆగలేడు. అప్పు పత్రం దాకా, ఊరి పెద్దరికం దాకా, ధర్మం పేరుతో నడిచిన ప్రతి మాట దాకా వెనక్కి నడవాలి. నేరస్థుడు దొరికిన చోటే 'యజ్ఞం' విచారణ మొదలవుతుంది. 'డిస్కో ఎలీసియమ్' ఆ విచారణను ఆట పొడుగునా అద్భుతంగా నడిపి, నేరస్థుడు దొరికిన చోట చాలించింది. రెండిటినీ ప్రేమిస్తున్నాను కాబట్టే ఈ పోలిక చెబుతున్నాను.

అయినా ఆ దీవిలోనే ఇంకో అద్భుతం ఉందని ఒప్పుకోవాలి. ఎవరూ నమ్మని ఒక వింత ప్రాణి, రెల్లుగడ్డిలో కలిసిపోయిన ఒక పెద్ద పురుగు, ఉందని చెప్పే ముసలి దంపతులు ఆటలో కనిపిస్తారు. భార్యకే తన మాట మీద అనుమానం మొదలైంది. చివర ఆ ప్రాణి నిజంగానే ఎదురొస్తుంది. మా వైపు తిరనాళ్లలో హరిశ్చంద్ర నాటకం కాటిసీను తెల్లవారుజాము దాకా కూర్చుని చూసేవాళ్లు. చంద్రమతి మెడ మీద కత్తి లేచాక దేవుడు దిగి, ఇదంతా పరీక్షేనని చెప్పి పోయినవన్నీ తిరిగి ఇస్తాడు. ఈ ప్రాణి అలా ఏమీ ఇవ్వదు. డిటెక్టివ్‌ను వదిలి వెళ్లిన స్త్రీని తిరిగి తేదు, అతని ఉద్యోగం నిలబెట్టదు. ఊరికే చూస్తుంది. దుఃఖాన్ని వెనక్కి తీసుకోకుండానే లోకంలో ఇంకా తెలియనిదేదో ఉందని చూపించడం, నా దృష్టిలో, ఈ ఆట సాధించిన అతి పెద్ద విజయం. హంతకుడి పేరు వెలితిని మిగిల్చిన చోటే ఇది నన్ను నింపింది.

మిగిలిన లోటు ఆ గొంతుల దగ్గరే ఉంది. ఇరవై నాలుగూ ఒక్క మగవాడివి. అతన్ని వదిలి వెళ్లిన స్త్రీ అతని కలలో దేవతలా వస్తుంది, అతని గాయానికి అద్దంలా ఉంటుంది. ఆమె లోపల ఏముందో ఆట అడగదు. హోటల్లోని యువతి అందరి చూపులకూ గురి, ఆమె కథ ఆమె నోటితో ఎంత విన్నా అనుమానంతోనే వింటాం. పుస్తకాల దుకాణంలోని ఆ స్త్రీకి కూడా కబురు విన్న తర్వాత కొన్ని మాటలే దక్కాయి, తలుపు మూసుకుంది. చావు కబురు చెప్పినవాడి తల్లడిల్లే మనసును నేను గంటలకొద్దీ చదివాను, విన్న మనిషి మనసు ఒక పుట కూడా చదవలేకపోయాను.

సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రేవు వచ్చేచోట మార్టినేజ్‌లాంటి కథలు పుడతాయి. తెలుగు కుర్రాళ్లు ఆటలు తయారుచేస్తున్న కాలమిది. ఉద్దానం మీద ఎవరైనా ఇలాంటి ఆట కడితే, డిటెక్టివ్‌ను తేవద్దని అడుగుతాను. ఆడేవాడు వారానికి రెండుమూడుసార్లు మొగుణ్ణి డయాలసిస్‌కు తీసుకెళ్లే ఇల్లాలై ఉండాలి. ఆటో మాట్లాడాలి, జీడిపప్పు ఒలిచే పనిలో సెలవడగాలి, బావి నీళ్లా క్యాన్ నీళ్లా అన్నది తేల్చుకోవాలి, అత్తగారితో ఎంత చెప్పాలో ఎంత దాచాలో చూసుకోవాలి. పాచికలు ఒకట్లు పడతాయి, పడనివ్వాలి, కథ నడవాలి. భయం, లెక్క, మొండితనం, దేవుడి మీది అలక, పక్క మంచం మనిషి మీది జాలి, ఆ గొంతులన్నీ ఆవిడ తలలో మాట్లాడాలి.