ఆపత్కాలదీపము - సమష్టిధర్మము

ఇల్లు కాలునప్పుడు నూయి త్రవ్వుట అవివేకమని మన పెద్దలు చెప్పుదురు. పలు కుటుంబములు వసించు భవనమునకు జనరేటరును ముందుగా అమర్చుకొనుట ఆ వివేకమునకు చెందిన పనియే. అయినను అది కేవలము యంత్రజ్ఞుని లెక్క కాదు. చీకటివేళ ఎవరి అవసరము ముందు తీరవలెనన్న ధర్మప్రశ్న అందు ఇమిడియున్నది.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరమును దాటినది. బరంపురము పరిసరములలో స్తంభములు కూలి, పెక్కుచోట్ల దినముల తరబడి విద్యుత్తు లేకపోయెను. అట్టివేళ దీపముకన్న నీరే పెద్ద కొరత; మోటారు నడువనిదే మిద్దెమీది తొట్టి నిండదు.

ఒక లెక్క చూతము. ఇరువది ఇండ్లు గల భవనమున లిఫ్టునకు 5 కిలోవాట్లు, నీటి పంపునకు 3, మెట్ల దీపములకు 1 కావలెననుకొందము, మొత్తము 9. ఇంటికొక ఎయిర్ కండిషనరు 1.5 కిలోవాట్ల చొప్పున నడిపినచో మరి 30 కావలెను. మోటార్లు బయలుదేరు క్షణమున అయిదారు రెట్లు కరెంటు లాగును గనుక వానిని ఒకదాని వెనుక నొకటిగా నడుపుకొనవచ్చును. అనగా అవసరములు స్వల్పము. సౌఖ్యమే యంత్రమును పెద్దది చేయుచున్నది.

ఇచ్చట వివాదము పుట్టును. "నేలయంతస్తులోని నాకు లిఫ్టెందుకు, చందా యెందుకు?" అని యొకరందురు. "సమముగా ధనమిచ్చితిని, నా గది యేల చల్లబడరాదు?" అని మరియొకరు. రెండును న్యాయముగనే తోచును. కాని పై యంతస్తులోని వృద్ధురాలిని ఆసుపత్రికి దింపవలసిన రాత్రి, లిఫ్టు ఆమె యొక్కతెది కాదు. ఆమెను మోయవలసియుండెడి వారందరిదియు. ఇక సమమైన చందా కొనునది సమమైన రక్షణనే గాని సౌఖ్యమును గాదు. సౌఖ్యము కోరువారు దాని ఇంధనవ్యయమును తామే భరింపవలెను. ఇంధనము దొరకని దినమున ఆ హక్కును విడువవలెను. ఏ యింటనైనను ఆక్సిజన్ యంత్రముపై నాధారపడిన రోగి యున్నచో, ఆ యింటి తీగ లిఫ్టుకంటెను ముందు.

ధర్మము మన ప్రహరీగోడతో ముగియదు. పొగ పొరుగువారి కిటికీలో దూరరాదు. అందు ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడు కలదు. ఛేంజోవరు స్విచ్చు లేనిచో మన విద్యుత్తు వీధితీగలోనికి మరలి, స్తంభముపై మరమ్మతు చేయు కార్మికుని ప్రాణము తీయవచ్చును. యంత్రమును నేలమాళిగలో నుంచుటయు తగదు. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమాలో సముద్రజలము క్రింది యంతస్తులలోని జనరేటర్లను ముంచుట ఆపదను ముదిర్చినది.

నెలకొకమారు భారముంచి నడిపి చూడని యంత్రము వట్టి భరోసాయే. అట్లే పంపకపు క్రమమును వెలుగున్ననాడే సభలో నిర్ణయించి, ఒకే కప్పు క్రింద నున్న తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ పొరుగువారికిని తెలియునట్లు వ్రాసి యుంచవలెను. చీకటిలో చేయు నిర్ణయము గట్టిగా అరచినవానికి అనుకూలించును. పగటివేళ చేయునప్పుడో, రేపటి రోగి తానే కావచ్చునని తలంచుటకు ప్రతివానికిని వ్యవధి యుండును.