సున్నా పన్ను - భయమెవరిది?

హుబ్లీలో మన తెలుగువారికి ఆదాయపు పన్ను రిటర్నులు వ్రాసిపెట్టే తమ్ముడొకడు 2024 జూలైలో మా యింటికి వచ్చి ఒక ధర్మసందేహం అడిగాడు. ఒక గుమాస్తాగారి జీతం ఏడాదికి 8 లక్షలు. పాత పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షను 50,000, ఇంటి అద్దె భత్యం కింద 1,02,000, భవిష్యనిధి, జీవిత బీమా, పిల్లల ఫీజు కలిపి 1,50,000 తీసివేయగా మిగిలేది 4,98,000. దానిపై పన్ను 12,400. అయితే 5 లక్షలు దాటనివారికి 2019 బడ్జెట్టు నుండి 12,500 వరకు రిబేటు ఉన్నది గనుక కట్టవలసినది సున్నా.

"అన్నయ్యా, సున్నా చూస్తే నాకు నిద్ర పట్టదు. అద్దెలో ఒక 12,000 తగ్గించి వేస్తే కొంత పన్ను పడుతుంది, ఎవరి కన్నూ పడదు" అన్నాడు.

ఆ 'కొంత' ఎంతో మేము లెక్క కట్టి చూపించాము. ఆదాయం 5,10,000 అయితే రిబేటు పూర్తిగా పోతుంది. సెస్సుతో కలిపి 15,080 రూపాయలు. తన నిద్ర కోసం ఇంకొకరి జేబులోనుండి పదిహేను వేలు తీయడమే గదా ఇది! పైగా ఆ గుమాస్తాగారికి ఈ సంగతి తెలియనే తెలియదు. చట్టం ఇచ్చినదానిని తీసుకోవడం దోషం కాదు. 2025 బడ్జెట్టు తరువాత కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం గలవారికి కూడా, షేర్ల లాభాలవంటివి లేకపోతే, పన్ను సున్నాయే. అందరినీ అనుమానిస్తామా?

అయినా తమ్ముడి భయాన్ని మేము తేలికగా తీసివేయలేము. దొంగ మినహాయింపు పట్టుబడితే, 1961 చట్టం ప్రకారం ఎగవేసిన పన్నుకు రెండింతల జరిమానా. తెలిసి తోడ్పడినవానికి జైలు కూడా వ్రాసి ఉన్నది. గీతకు రెండు వేలు ఇవతల ఆగిన లెక్కను చూసి, అద్దె నిజంగా కట్టారా అని అడగాలనిపించడం సహజమే. కాని అడిగితే, "మమ్మల్నే నమ్మవా?" అంటారు. నాలుగు తరాలుగా ఒకే వీధిలో ఉన్నవాళ్ళం. అడగలేక, అంకె తగ్గిస్తున్నాడు. మాకు తప్పుగా తోచినది ఈ మొహమాటమే. భయం ఉన్నవాడు వ్రాయకముందే కాగితాలు అడగాలి; వ్రాసేటప్పుడు కోత పెట్టకూడదు.

ఇంతవరకు ధైర్యంగా చెప్పాము. అంతలో తమ్ముడు, "కాగితం ఉంటే చాలునా అన్నయ్యా?" అన్నాడు. మాకు వెంటనే మాట రాలేదు.

మేము బడి నడిపిన రోజుల్లో, 2008లో, ఒక తండ్రి వచ్చి అభివృద్ధి నిధికి కట్టిన 6,000 కూడా ట్యూషన్ ఫీజులో కలిపి వ్రాసిమ్మన్నాడు. ట్యూషన్ ఫీజుకే మినహాయింపు, నిధికి లేదు. మాకు తెలుసు. బీదవాడని వ్రాసి, సంతకం చేసి, ముద్ర కూడా వేశాము. ఆ కాగితం చూసి ఏ రిటర్ను వ్రాసేవాడు సందేహిస్తాడు? వాడు జాగ్రత్తపరుడే. అబద్ధం మాది.

ఇది తమ్ముడికి ఆ సాయంత్రమే చెప్పాము. కొంతసేపు ఏమీ అనలేదు. మరునాడు గుమాస్తాగారి ఇంటికి వెళ్ళి అద్దె ఒప్పందం, బ్యాంకు పుస్తకం, ఇంటి యజమాని పాన్ నంబరు అడిగాడట. వారు మొదట ముఖం చిన్నబుచ్చుకొని, తరువాత అన్నీ తెచ్చి ముందు పెట్టారట. రిటర్ను సున్నాతోనే వెళ్ళింది.