స్వరమును చేతులును

పఠనము: ఆదికాండము 27:18–29

వృద్ధుడైన ఇస్సాకు కన్నులు మందగించెను. తన యెదుట నిలిచినవాడెవడో తెలిసికొనుటకు అతడు మిగిలిన ఇంద్రియములను ఆశ్రయించెను. చెవి యాకోబని చెప్పెను. మేకపిల్లల చర్మమును తడవిన చేయి ఏశావని చెప్పెను. భోజనపు రుచియు, వస్త్రముల వాసనయు చేతి పక్షముననే నిలిచెను. చెవి చెప్పినదే సత్యము. అయినను దాని సాక్ష్యము త్రోసివేయబడెను. ఆ దినమున ఒక ఇల్లు రెండాయెను.

దేవుడు జీవులకిచ్చిన మెదడు ఇట్టి సాక్ష్యములను ఎట్లు కూర్చుకొనునో శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. మెరెడిత్, స్టైన్ అను ఇరువురు 1983లో పిల్లి మెదడును గూర్చి ఒక సంగతి వెల్లడించిరి. మధ్య మెదడులో సుపీరియర్ కొలిక్యులస్ అను చిన్న భాగము కలదు. అచ్చటి నాడీకణములలో కొన్ని చూపునకును శబ్దమునకును కూడ స్పందించును. కొన్నిటికి స్పర్శయు తెలియును. వెలుగును శబ్దమును ఒకే చోటనుండి ఒకే సమయమున వచ్చినయెడల, కణము చూపు స్పందన ఆ రెంటి మొత్తముకంటెను అధికము కావచ్చును. వేర్వేరు తావులనుండి వచ్చినయెడల ఒకటి రెండవదానిని అణచివేయవచ్చును. మరియొక వింత యేమనగా, ఒక్కొక్క సూచన ఎంత బలహీనమో, కలయికవలన కలుగు వృద్ధి అంత యెక్కువ.

ప్రియ చదువరీ, పొరుగువారు మనలను ఇట్లే తెలిసికొనుచున్నారు. ఆదివారమున మన కీర్తన విందురు. సోమవారమున మన త్రాసును చూతురు. సాయంకాలమున మనమిచ్చు కూలిని పనివాని అరచేయి యెరుగును. స్వరము ఆలయమునుండియు, చేతులు వేరొక తావునుండియు వచ్చినయెడల మంచి ప్రసంగము సహితము అణగిపోవును.

"నాకు వాక్చాతుర్యము లేదు, ఇచ్చుటకు ధనమును లేదు" అని కృంగుచున్న సహోదరీ, ధైర్యము తెచ్చుకొనుము. నీ నోటి చిన్న ఆదరణ మాటయు, నీ చేతిలోని గ్లాసెడు గంజియు ఒకే హృదయమునుండి ఒకే గడియలో రోగియొద్దకు చేరనిమ్ము. బలహీనమైన ఆ రెండును కలిసి గొప్ప కార్యము చేయును.

అయితే ఈ కలయిక పుట్టుకతో వచ్చునది కాదు. చీకటిలో పెంచబడిన పిల్లులలో ఆ కణములు చూపునకును శబ్దమునకును విడివిడిగా స్పందించెను గాని, వాటిని కూర్చలేకపోయెనని 2004లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపెను. చూచుచు వినుచు పెరుగుటవలననే అది అలవడును. మన బిడ్డలును అంతే. కుటుంబ ప్రార్థనలో తండ్రి క్షమాపణను గూర్చి చదువగా విని, ఆయన తల్లిని క్షమాపణ వేడుట ఎన్నడును చూడని బిడ్డకు ఆ రెండును ఎట్లు కలియును?

మన ప్రభువు కుష్ఠరోగితో దూరమున నిలిచి మాటలాడలేదు. ఎవరును తాకని ఆ దేహముమీద తన చేతినుంచియే పలికెను. ఆయన స్వరమును ఆయన చేతులును ఒక్కటే.

ప్రార్థన: ప్రభువా, మా మాటను మా క్రియను నీలో ఏకము చేయుము. మా చేతులను తాకినవారు నీ స్వరమును గుర్తించునట్లు కృప దయచేయుము. ఆమేన్.